ఆరవ సీల

ఠంగుమన్నది.

ఒక్కమారే. కంచుగిన్నె రాతినేల మీద పడినట్లు ఒక్క పెళుసు మోత. వెంటనే మోకు గాలిలో బుసకొట్టిన సవ్వడి. ఆ వెనుక ఓడ నడిమి స్తంభం పాదం నుంచి శిఖరం దాకా మూలిగిన మూలుగు. మైనాకుడు ఉలిక్కిపడి లేచాడు. కళ్ళు తెరిచినా కంటికేమీ ఆనలేదు. వేకువ మంచు కడలినీ నింగినీ ఒకే తెల్లని దుప్పటిలో చుట్టి, ఆ మడతలో ఎక్కడో 'కలహంసి' అనే ఆ చిన్న ఓడను దాచివేసింది. అయితే విరిగినదేమిటో తెలియడానికి అతనికి చూపు అక్కరలేకపోయింది. తొమ్మిది నెలలుగా అతని చెవులు ఆ చప్పుడు కోసమే కాపలా కాస్తున్నాయి.

"కుడిపక్క ఊతం పోయింది! తాతా, ఓడను మళ్ళించు! గాలిని ఎడమకు తీసుకో!"

"నువ్వు సెప్పేదాకా ఆగితే ఈపాటికి చేపలతో ముచ్చటాడుతుండేవాళ్ళం," అని మంచులోంచి బదులు వచ్చింది. ఓడ వెనుకభాగమైన అమరం మీద చుక్కాని పట్టిన ముసలి సరంగు భేరుండయ్య అప్పటికే ఒళ్ళంతా దాని మీద వాల్చాడు. "అరుపులకు ఓడ తిరగదురా అబ్బీ, చుక్కానికి తిరుగుతాది. నువ్వు తెరచాప దించు ముందు!"

మైనాకుడు పరుగెత్తాడు. ముడి విప్పాడు, మోకు వదిలాడు, తెరచాప సగానికి జారింది. ఓడ తడబడి, తల తిప్పి, పడమర వదిలి తూర్పుకు మొగ్గింది. కుడిచెంపను కొడుతున్న ఉత్తరపు గాలి ఎడమచెంపకు మారింది. ఒరగబోయిన స్తంభం ఒక్కమారు ఒళ్ళు విరుచుకుని, ఎడమపక్కనున్న మూడు ఊతమోకుల మీద బరువు మోపి నిలబడింది.

మకరతీరపు నావికులు ఓడ అందాన్ని తెరచాపలో చూడరు, ఊతమోకుల్లో చూస్తారు. స్తంభాన్ని కుడినుంచి మూడు, ఎడమనుంచి మూడు, ఆరు మోకులు లాగి పట్టుకుంటాయి. ఒక్కొక్క మోకు చివర ఒక కంచు కడియం. ఓడ పక్కకు బిగించిన కంచు పట్టీకి ఆ కడియాన్ని కలిపేది బొటనవేలి లావున్న ఒకే ఒక సీల. పెనుగాలి వీచినా, పెద్దకెరటం లేచినా, చివరకు ఆ బరువంతా వచ్చి వాలేది దాని మీదనే. కుడిపక్క నడిమి సీల, ఆరింటిలోనూ ఎక్కువగా అలసిపోయే సీల, ఆ వేకువన విరిగింది.

మిగులుగా ఉన్న ఒక మోకును మైనాకుడు స్తంభం మీదుగా కుడిపక్కకు తెచ్చి, అంచు కొయ్యకు నాలుగు చుట్లు చుట్టి బిగించాడు.

"ఇది నిలుస్తుందా?" వెనుకనుంచి ఒక సన్నని కంఠం అడిగింది.

తలపాగా, పొడుగు అంగీ, చెవులకు పోగులు. చూపులకు కువలయదత్తుడనే పడుచు వర్తకుడు. కాని ఆ అంగీ కింద ఉన్నది కౌముదీపురపు రాజకుమారి కువలయ అని మైనాకుడికి తెలుసు. తండ్రికి చూపు తిరిగి తెప్పించే జ్యోతిర్లతను ఆమె ఏడు దీవులు వెతికి సాధించింది. స్ఫటికపు పెట్టెలో ఆ తీగకు బయలుదేరిననాడు పదకొండు ఆకులు. రోజుకొకటి చొప్పున రాలి ఇప్పుడు మూడే మిగిలాయి. మూడూ రాలేలోగా ఓడ పడమటి జలసంధి దాటాలి. దాటనివ్వకుండా మాంత్రికుడు ఘూకాక్షుడి నల్లఓడ తూర్పునుంచి తరుముకు వస్తోంది.

"నిలుస్తుంది, ఓడ నిలబడి ఉన్నంతసేపు," అన్నాడు మైనాకుడు. "పరుగుకు పనికిరాదు. జలసంధిలో గాలి సుడులు తిరుగుతుంది, ఈ మోకు నూలుపోగులా తెగుతుంది."

"మరి ఇప్పుడు ఎటు పోతున్నాం?"

జవాబు భేరుండయ్య చెప్పాడు.

"వెనక్కి శెట్టిగారూ, వెనక్కి! ఎవడినుంచి పారిపోతున్నామో వాడి ఇంటికే చుట్టపు చూపుగా పోతున్నాం. గాలి ఎడమపక్కన ఉంటేనే కొయ్య నిలుస్తాది. గాలి ఎడమపక్కన ఉండాలంటే తూర్పుకే పోవాలి. కుడిపక్క కొత్త సీల పడేదాకా ఇంతే సంగతులు."

మైనాకుడు ఓడ అంచు మీద బోర్లా పడుకుని చేయి కిందికి చాపాడు. పట్టీ కన్నంలో సగం సీల ఇరుక్కుని ఉంది. ములుకు పెట్టి సుత్తితో లోపలినుంచి తట్టాడు. నాలుగో దెబ్బకు ఊడి అరచేతిలో పడింది. విరిగిన ముఖం పైకి తిప్పి చూశాడు. నడుమ బియ్యపుగింజంత మేర మాత్రమే లోహం మెరుస్తోంది; చుట్టూ ఎర్రని పొడి. గోటితో గీకితే రాలింది. పైన మాత్రం నల్లని గుగ్గిలం నిగనిగలాడుతోంది.

ఆ గుగ్గిలం పూసినది అతనే. నెలకొకమారు, ఎవరూ చూడకుండా, పుండు మీద పట్టు వేసినట్లు పూశాడు.

"ఇంకొక సీల లేదా?" అని అడిగింది కువలయ.

మైనాకుడు నడుముకు కట్టుకున్న తోలుసంచిలో చేయి పెట్టాడు. అందులోనుంచి తీసిన సీల పచ్చని కంచుది. నిటారుగా, నున్నగా, ఒక్క గీటైనా లేకుండా ఉంది.

కువలయ ఆ సీలను చూసింది. అతని ముఖం చూసింది. "ఇది ఎన్నాళ్ళనుంచి నీ దగ్గర ఉంది?"

"తొమ్మిది నెలలు."

"తొమ్మిది నెలలా? ఇది చేతిలో పెట్టుకుని, ఆ తుప్పుముక్క మీద మమ్మల్ని సముద్రం దాటిస్తున్నావా?"

చుక్కాని దగ్గరనుంచి భేరుండయ్య దగ్గాడు.

"వాణ్ణి తిట్టకండి శెట్టిగారూ. మీ ఊళ్ళో తాళానికి తాళంచెవి చాలును. మా ఊళ్ళో సీలకు పేరు కూడా కావాలి."

అది మకరతీరపు ఆచారం. కొయ్యను నిలబెట్టేది కంచూ కాదు, నారా కాదు; సముద్రంలో కలిసినవాళ్ళే దాన్ని పట్టుకుని నిలుస్తారని అక్కడివారి నమ్మకం. కొత్త సీలకు మూడు దెబ్బలు. మూడో దెబ్బతో పాటు, ఆ ఇంట కడలి తీసుకున్నవాడి పేరు బిగ్గరగా పలకాలి. పలికేదాకా వాడు రావలసినవాడు. పలికిన క్షణంనుంచి పోయినవాడు. సీల ఉన్నంతకాలం అందులో కావలి ఉంటాడు; సీల ఊడదీసి పారేసిననాడు వాడికి విడుదల. ఒక పేరు ఒక్క సీలకే, మరల వాడరాదు.

విరిగిన సీలలో ఉన్నది మైనాకుడి తండ్రి. ఆ సీల కొట్టినవాడు మైనాకుడి అన్న. ఆనాడు చేతిలో కంచు లేక ఇనుముతో కొట్టాడు. కొట్టి, "ఒరే, కంచు పక్కన ఇనుము ఉంటే ఉప్పునీరు ముందు ఇనుమునే తింటుంది. ఏడాది తిరగకముందే కంచుది పోయించి మార్చాలి," అన్నాడు. ఏడాది తిరగలేదు. పడమటి జలసంధిలో ఒక సుడిగాలి వేళ స్తంభం మీదికెక్కిన అన్న మళ్ళీ దిగలేదు. పడిన చప్పుడు ఎవరూ వినలేదు. తేలిన గుడ్డపేలిక ఎవరూ చూడలేదు. మైనాకుడు కంచు సీల పోయించాడు. కాని ఆ ఇంట మిగిలిన పేరు ఒక్కటే. దాన్ని పలకలేక, పాతదానికి గుగ్గిలం పూస్తూ వచ్చాడు.

బయలుదేరే రోజున రేవులో వదిన అతని చేతికి చద్దిమూట ఇచ్చి, తన గాజుల చేతిని చూసుకుంటూ అన్నది: "అబ్బాయీ, నీ నోట ఆ పేరు రానంతకాలం ఈ గాజులు నావి."

"అదీ సంగతి," అని ముగించాడు భేరుండయ్య. "ఇప్పుడు కొట్టరా. తప్పదు."

"పేరు లేకుండా కొడతాను."

"పేరులేని సీల మీద నేను ఓడ తిప్పను. అరవయ్యేళ్ళ చుక్కాని ఇది. ముసలాడి మొండితనం అనుకో, ఏమన్నా అనుకో."

"ముగ్గురం మునిగిపోతాం తాతా!"

"మునుగుదాం. మునిగితే మన పేర్లు పలకడానికి ఎవరో ఒకరు ఉంటారు. వాడి పేరు పలకడానికి నువ్వు తప్ప ఎవరున్నారురా?"

అప్పుడు వినిపించింది, మంచులోనుంచి, తూర్పునుంచి, నీటి మీద జారివచ్చే మెత్తని పిలుపు.

"తమ్ముడూ..."

సుత్తి అతని చేతినుంచి జారి పలక మీద పడింది. ఆ పిలుపులో రెండో అక్షరం దగ్గర గొంతు కాస్త గీరుకుపోవడం, చివర కాస్త నవ్వు మిగలడం, అన్నీ అలాగే ఉన్నాయి. తొమ్మిది నెలలు ఏ గొంతును మరచిపోతానేమోనని భయపడి రోజూ మనసులో వల్లించుకున్నాడో, ఆ గొంతు.

"అన్నా!" అని అరిచాడు. "అన్నా! ఎక్కడున్నావు?"

"ఇక్కడేరా, ఇసుకదిబ్బ మీద. తిన్నగా తూర్పుకే రా. ఎన్నాళ్ళుగా చూస్తున్నాను నీకోసం..."

మైనాకుడి కన్నీళ్ళు మంచును కూడా వెచ్చబరిచేలా పొంగాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు. "తాతా, విన్నావా? బతికే ఉన్నాడు! వదినకు చెప్పాలి, ముందు వదినకు చెప్పాలి!" అంటూ ఓడ ముందుభాగమైన అణియం వైపు పరుగెత్తబోయాడు. కువలయ అడ్డుపడి అతని భుజాలు పట్టుకుంది.

"ఆగు మైనాకా. నేను చెప్పేది విను. విన్న తరువాత నీ ఇష్టం." ఆమె స్వరంలోని వర్తకుడు మాయమయ్యాడు. "ఒకనాడు మా నాన్నగారి పడకగది తలుపు వద్ద అమ్మ గొంతు వినబడింది. 'ఎంతసేపు నిలబెడతారు?' అన్నది. అమ్మ ఎప్పుడూ అలాగే అనేది. నాన్నగారు పరుగున వెళ్ళి తలుపు తీశారు. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు. తలుపు అవతల ఉన్నది ఘూకాక్షుడు. ఆనాడు మూతపడిన చూపు మళ్ళీ తెరుచుకోలేదు."

"మా అన్న..."

"బతికున్నవారి గొంతు వాడికి చిక్కదు. పోయినవారిదే చిక్కుతుంది. ఆ మంచులో ఉన్నది నిజంగా మీ అన్నే అయితే మనకు మేలే. కాకపోతే..."

మైనాకుడికి పూర్తిగా అర్థమైంది. ఆ గొంతు అన్నది కాకపోతే, అన్న లేడు. నడుమ ఇంకొక దారి లేదు.

అతను అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఏమి అడగాలో తోచలేదు. ఊరి పేరు, ఇంటి గురుతు, చిన్ననాటి ముచ్చట, ఇవేవీ అతని నోటికి రాలేదు. చిన్నపిల్లవాడు తాను పగలగొట్టిన కుండపెంకును అమ్మకు చూపినట్లు, చేతిలోని తుప్పుముక్కను మంచుకు చూపుతూ అన్నాడు:

"అన్నా, నువ్వు కొట్టిన సీల విరిగింది."

ఆ గొంతు ఎంతో లాలనగా బదులిచ్చింది:

"విరిగితే ఏమిలే తమ్ముడూ. ఆ ముక్కనే మళ్ళీ దూర్చు. కాస్త గుగ్గిలం పూయి. నా చేతి సీల అది, ఇంకొక సముద్రం దాటిస్తుంది. కొత్తది కొట్టకు. నా గురుతు తీసేయకు."

ఎంత తీయని మాట! తొమ్మిది నెలలుగా ప్రతి నెలా గుగ్గిలం పూస్తూ మైనాకుడు తనకు తాను చెప్పుకున్న మాట, అక్షరం పొల్లుపోకుండా, అన్న నోట వస్తోంది.

అందుకే అతను అంచు నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఎందుకంటే, ఆ రేవులో అన్న ఒక్కడే ఆ మాట ఏనాడూ అననివాడు. ఏటేటా మొదటి ప్రయాణానికి ముందు ఆరు సీలలూ ఊడదీసి, ఎండకు పట్టి, గోటితో గీకి చూసేవాడు. తండ్రి కడలిపాలైన ఏడో రోజున, తండ్రి చేతితో కొట్టిన సీలను చూసి, "తినేసింది," అని పీకి, వెనుదిరిగి చూడకుండా నీటిలో పారేశాడు. మైనాకుడు ఆ చేతిని పట్టుకుని, "నాన్న కొట్టినదిరా అన్నా, ఉంచరా!" అని ఏడ్చాడు. అన్న కూడా ఏడుస్తూనే ఉన్నాడు. ఏడుస్తూనే మూడో దెబ్బతో తండ్రి పేరు ఊరంతా వినబడేలా పలికాడు. పలికి, మోచేతితో ముఖం తుడుచుకుని, "ఉప్పుకు ఎవరు కొట్టారో అక్కరలేదురా. ఇక నాన్నను నీటిలో వెతకడం మాను. ఇక్కడున్నాడు. ఓడ నడుపు," అన్నాడు.

తన కళ్ళముందు ఓడ మునుగుతుంటే, గురుతు కోసం తుప్పు సీలను ఉంచుకోమని చెప్పే అన్న ఈ లోకంలో పుట్టలేదు. పుట్టినవాడు ఇక లేడు.

మైనాకుడు కిందికి వంగాడు. పొగిలి ఏడ్చే ఏడుపు రాలేదు. పలక మీద పడిన సుత్తి కోసం చేయి తడుముతోంది, అంతే. కన్నీళ్ళకు సుత్తి కనబడలేదు. కువలయ దాన్ని తీసి అతని చేతిలో పెట్టింది.

"ఏమైంది?" అని మెల్లగా అడిగింది.

"మా అన్న కాదు," అన్నాడు మైనాకుడు. ఆ మూడు మాటలు అనడానికి అతనికి ఒక ఊపిరి పూర్తిగా ఖర్చయింది.

ఆ క్షణాన గాలి ఒక్క విసురు విసిరింది. మంచు తెరలా చీలింది. వంద బారల దూరంలో, గబ్బిలపు రెక్కల వంటి తెరచాపలతో, కాటుక పూసిన కొండలా నల్లఓడ నిలిచి ఉంది. దాని అణియం మీద గుడ్లగూబ కన్నుల ఘూకాక్షుడు, రెండు చేతులూ చాచి, అన్న గొంతుతో పిలుస్తున్నాడు:

"రా తమ్ముడూ, రా!"

"ఓరి నీ దుంపతెగ!" అని భేరుండయ్య గర్జించాడు. "ఒరే అబ్బీ, సీల పెట్టు! నేను తిప్పడానికి సిద్ధం! అమ్మా, ఆ కప్పీ మోకు అందుకో, నీ బలమంతా పెట్టి లాగు!"

కువలయ ఉలిక్కిపడి తలపాగా తడుముకుంది. "అమ్మా అన్నావా? నీకెప్పుడు తెలిసింది తాతా?"

"ఎక్కిననాడే. వాంతి చేసుకుని పట్టురుమాలుతో మూతి తుడుచుకునే శెట్టి ఎక్కడుంటాడమ్మా? లాగు, లాగు!"

ఆమె లాగింది. అరచేతుల చర్మం లేచిపోయేలా లాగింది. ఊతమోకు జానెడు జానెడుగా కిందికి దిగింది. మైనాకుడు ఓడ పక్కన తలకిందులుగా వేలాడుతూ, కాళ్ళు అంచు కొయ్యకు మెలివేసి, కడియాన్ని పట్టీకి ఎదురుగా తెచ్చాడు. కెరటం లేచి ముఖాన కొట్టింది. కన్నం మీద కన్నం కలవలేదు. ఇంకొక కెరటం. ఇంకా వెంట్రుకవాసి. "ఇంకొక్క పట్టు!" అని అరిచాడు. కువలయ కేకపెట్టి వెనక్కి వాలింది. కన్నం మీద కన్నం కలిసింది. కంచు సీల మొన దూరింది.

మొదటి దెబ్బ కొట్టాడు. సీల సగానికి దిగింది.

నల్లఓడ నుంచి కొక్కెపు మోకు ఒకటి గిరగిరా తిరుగుతూ వచ్చి అమరానికి బారెడు దూరంలో నీట పడింది.

రెండో దెబ్బ. సీల వేలెడు మేర మిగిలింది.

"తిప్పేస్తున్నానురా!" అని భేరుండయ్య చుక్కానిని ఛాతీతో నెట్టాడు. "తెరచాప ఎత్తమ్మా! గాలి కుడికొస్తోంది! ఇక ఆగదు! పలుకు!"

'కలహంసి' తల పడమటికి తిరిగింది. పొంగిన తెరచాప స్తంభాన్ని ఎడమకు నెట్టింది. స్తంభం బరువంతా కుడి ఊతమోకుల మీదికి, మోకుల బరువు కడియాల మీదికి, నడిమి కడియం బరువు ఇంకా పూర్తిగా దిగని ఆ కంచు సీల మీదికి వచ్చి వాలసాగింది. సీల మైనాకుడి వేళ్ళ కింద వణికింది.

వెనుకనుంచి ఆ గొంతు బతిమాలింది. ఇప్పుడది మరీ అన్నలా ఉంది. జ్వరం వచ్చిననాడు తలాపున కూర్చుని కథ చెప్పిన అన్నలా ఉంది.

"తమ్ముడూ, పలకకురా. నువ్వు పలికితే నేను లేనురా. మీ వదిన చేతులు చూడరా..."

చూశాడు. రేవులో నిలబడి, ఎండకు చేయి అడ్డం పెట్టుకుని, సముద్రం కేసి చూస్తున్న వదినను చూశాడు. ఆ చేతికి ఉన్న గాజులను ఒక్కొక్కటిగా చూశాడు. తన నోటినుంచి వెలువడబోయే నాలుగు అక్షరాలు అక్కడికి చేరేసరికి ఆ చేతులు ఎలా ఉంటాయో కూడా చూశాడు. సుత్తి పైకెత్తాడు. ఎత్తిన చేయి ఒక్క క్షణం గాలిలో నిలిచిపోయింది.

తరువాత మోచేతితో ముఖం తుడుచుకున్నాడు, అన్న తుడుచుకున్నట్లే. తొమ్మిది నెలల ఊపిరినంతా గుండెలోకి పీల్చాడు. కడలి వినేలా, నల్లఓడ వినేలా, దూరాన రేవు సైతం వినేలా, మూడో దెబ్బతో పాటు పలికాడు:

"హేమాంగదా!"